జల్లించిన బూడిద

ఆ బూడిద జల్లించింది నేనే. పిండి జల్లెడతో, రెండుసార్లు. మొదటిసారి బొగ్గుముక్కలు పోతాయి, రెండోసారి గడ్డలు పోతాయి. చివరికి మిగిలేది ఎంత మెత్తగా ఉంటుందంటే, వేళ్ల మధ్య నలిపితే ఉందో లేదో తెలియదు. మా కొండ ఊరు కొల్పాపంపాలో మనిషి పోయిన ఐదోనాడు అతని బట్టలు ఏటికి తీసుకెళ్లి ఉతుకుతాం. పొద్దు వాలాక అతని గదిలో ఆ బూడిద పలచగా పరిచి, తలుపు బయటినుంచి తాడుతో కట్టేస్తాం. పోయినవాడు చివరిసారి వచ్చి తన వస్తువులు చూసుకుని వెళ్తాడు. ఎలా వచ్చాడో, ఎటు తిరిగాడో తెల్లారి బూడిదలో చూసుకుంటాం.

ఆ ఏడు పోయినవాడు మా బావగారు, నా భర్త లియాండ్రోకి అన్న, తియోఫిలో. పెళ్లి చేసుకోలేదు. మా పెరటికి దిగువన ఉన్న పాత ఇంట్లో ఒంటరిగా ఉండేవాడు. వానలు వెనకబట్టే రోజులవి. పొద్దున్నే పాలు ఇవ్వడానికి వెళ్లిన అత్తమ్మకి పొయ్యి పక్కన బోర్లా పడి కనిపించాడు. తల వెనక భాగం చితికిపోయి ఉంది. పక్కనే రుబ్బురాయి. తాగి వెనక్కి పడ్డాడని ఊళ్లో సగంమంది అన్నారు. వెనక్కి పడ్డ మనిషి బోర్లా ఎందుకున్నాడని ఎవరూ అనలేదు. నాకు తోచింది. నేనూ అనలేదు.

ఆ రాత్రి లియాండ్రో ఇంట్లో లేడు. గొర్రెల్ని కాయడానికి పైన మిట్టమీద గుడిసెకి వెళ్లాడు. కబురు విని పరుగున దిగివచ్చాడు.

పట్నం దారి మీద కొండచరియ విరిగిపడింది. పోలీసులు వచ్చి చూసేదాకా శవాన్ని కదపకూడదని మాకు తెలియకపోలేదు. కానీ దారి ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పలేకపోయారు. ఊరిపెద్ద అకిలీనో తలకాయ గోక్కుని, పూడ్చేయండి అన్నాడు. పూడ్చేశాం.

మాలో రక్తసంబంధులు పోయినవాడి బట్టలు ముట్టుకోరు. ఉతకాల్సింది పెళ్లివల్ల చుట్టాలైనవాళ్లు. అంటే నేను, నా తమ్ముడు సబీనో, ఇంకో ఇద్దరు ముగ్గురు. సబీనో మోకాలిలోతు నీళ్లలో నిలబడి బావగారి లాగు రాతికేసి బాదుతూ నోరు ఊరుకోలేక అన్నాడు.

"బతికుండగా నా పొట్టేళ్లని తీసుకెళ్లి కట్టేశాడు. చచ్చాక తన లాగులు నాచేత ఉతికిస్తున్నాడు. ఎటు చూసినా నేనే ఓడానక్కా."

అందరూ నవ్వారు. ఏటి దగ్గర నవ్వాలి కూడా, ఏడిస్తే పోయినవాడు వెనక్కి తిరిగి చూస్తాడు. కానీ ఆ పొట్టేళ్ల సంగతి నవ్వులాట కాదు. అవి బావగారి చిక్కుడుచేలో పడితే ఆయన వాటిని పట్టుకుని వదలలేదు. కార్నివాల్ పండగనాడు సబీనో అందరి ముందూ "నీ తల పగలగొడతా" అన్నాడు. తాగిన మాట. ఊరంతా విన్న మాట.

ఆ సాయంత్రం బూడిద పరిచాక, ఉతికినవాళ్లకి చెరకు సారా పోశారు. సబీనో మా వసారాలోనే పడి నిద్రపోయాడు.

తెల్లారి ఇలారియా ముసలమ్మ తాడు విప్పింది. మా ఊళ్లో బూడిద చూసి చెప్పేది ఆమే. ముడి మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత విప్పేసింది. తలుపు తీస్తే గడప దాటగానే ఒక అడుగు, గది నడిమధ్యలో ఒకటి, అటక కింద పాదం తిప్పిన గుర్తు. టైరు చెప్పు గుర్తులు. గీతలు కూడా చక్కగా పడ్డాయి.

"వచ్చాడు," అంది ఇలారియా. "కోపంతో రాలేదు. కోపంతో వస్తే మడమ లోతుగా దిగుతుంది. ఇక్కడ నిలబడ్డాడు, సామాను చూసుకున్నాడు, వెళ్లిపోయాడు."

"కొత్త బూట్లు తొడిగి పంపాం కదా. టైరు చెప్పులతో వచ్చాడేంటి?" అన్నాడు అకిలీనో.

"ఆ కొండదారికి బూట్లు ఆగుతాయా? దారిలో ఎవరితోనో మార్చుకుని ఉంటాడు."

నవ్వారు. అత్తమ్మ కూడా కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కాస్త నవ్వింది. అందరూ వంగి గదిలోకి చూస్తున్నారు. లియాండ్రో ఒక్కడే దారి వైపు చూస్తూ నిలబడ్డాడు. పదిమందీ చూస్తున్నదాన్ని ఒకడే చూడకపోతే, కన్ను ఇక అతని మీదనుంచి కదలదు. నా కన్ను ఆ రోజు అక్కడ చిక్కుకుంది.

అప్పుడే పట్నంనుంచి పోలీసుల బండి వచ్చింది. దారి తెరిచారన్న సంగతి బండిని చూశాకే మాకు తెలిసింది.

కేసు చూడ్డానికి వాళ్లతో వచ్చిన ప్రాసిక్యూటరమ్మ వయసులో చిన్నది. మా ఎత్తుకి ఊపిరి అందక పెదవులు తెల్లబడిపోయాయి. కానీ మర్యాదస్తురాలు, అత్తమ్మ రెండు చేతులూ పట్టుకుని మాట్లాడింది. గడప దగ్గర నిలబడి అందరినీ అడిగింది, గదిలో ఏమైనా కదిపారా, ఏమైనా ముట్టుకున్నారా అని.

శవాన్ని పూడ్చేశాం. బట్టలు ఉతికేశాం, కొన్ని తగలబెట్టాం కూడా. ఇవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే చెబితే ఎవర్ని జైల్లో వేస్తారో తెలియదు. అకిలీనో టోపీ తీసి చేతిలో పట్టుకుని, "లేదమ్మగారూ. తలుపు కట్టేసి ఉంచాం. మీకోసమే," అన్నాడు.

ఆ 'మీకోసమే' అన్న మాటకి మేమందరం తలలూపాం.

నిజం చెప్పాలంటే వాళ్లు పని శ్రద్ధగా చేశారు. అడుగు పక్కన కొలబద్ద పెట్టి, దీపాలు పట్టి ఫోటోలు తీశారు. బూడిదని చెంచాతో ఎత్తి ప్లాస్టిక్ సంచుల్లో పోసుకున్నారు. తర్వాత ఊళ్లో మగవాళ్ల చెప్పులన్నీ వరసగా పెట్టించారు. అన్నీ ఒకే సంతలో, ఒకే మనిషి కోసిన టైరు చెప్పులే. కానీ సబీనో కుడిచెప్పు మడమ దగ్గర ఒక గాటు ఉంది. బూడిదలోనూ అదే గాటు ఉంది.

వాళ్లు చెప్పింది తేలిగ్గా అర్థమయ్యే కథ. పొయ్యి దగ్గర పెనుగులాట జరిగింది, బూడిద నేలంతా చిందింది, చంపినవాడు దాన్ని తొక్కి బయటికి వెళ్లాడు. చెప్పు ఎవరిదో తెలిసింది. పండగనాడు ఆ చెప్పు మనిషి ఏమన్నాడో ఊరంతా విన్నది. నా తమ్ముణ్ణి బండి ఎక్కించారు. ఎక్కుతూ వాడు నావైపు చూసింది భయంతో కాదు, ఆశ్చర్యంతో. తను చేయని పని తనకి తెలియకుండానే ఎలా జరిగిందో అనుకుంటున్నట్టు.

*

తర్వాత ఊరి సభలో నెలకి పైగా ఇదే మాట. పూడ్చినవాణ్ణి వైద్యులొచ్చి పైకి తీసి, పడి చనిపోలేదు, ఎవరో కొట్టారని చెప్పి వెళ్లారు. సరే, కొట్టారు. కానీ బూడిద? అది మనం పరిచాం కదా. చిందిన బూడిద అంత సమంగా, గోడ మూలలదాకా పడుతుందా? వాళ్లకి కళ్లు లేవా అని ఒకరు. కళ్లున్నాయి, మనల్ని అడిగారు కూడా, మనమే అబద్ధం చెప్పామని ఇంకొకరు. అడిగితే మాత్రం, ఆచారం సంగతి తెలియని మనిషి హత్య జరిగిన ఇంటికి ఎలా వస్తుందని ఆడవాళ్లు. చివరికి అకిలీనో పట్నం వెళ్లి నిజం చెప్పాడు. ప్రాసిక్యూటరమ్మ అంతా విని, ఈ మాట ఆ రోజు ఎందుకు చెప్పలేదని ఒక్కటే అడిగిందట. మనిషిని పట్టుకెళ్లాక పుట్టిన ఆచారంలా ఉందే అందట.

"న్యాయంగా అడిగిందా, అన్యాయంగా అడిగిందా?" అని సభలో ఎవరో అన్నారు.

"న్యాయంగానే అడిగింది. అందుకే నోరు పెగల్లేదు," అన్నాడు అకిలీనో.

నేను వెనక ఆడవాళ్ల మధ్య కూర్చుని వింటున్నాను. వాళ్లందరూ ఒక్కచోట ఆగిపోవడం గమనించాను. బూడిద హత్య తర్వాత పరిచిందన్నంతవరకూ గట్టిగా మాట్లాడతారు. అయితే ఆ అడుగు ఎవరిదన్న మాట రాగానే గొంతు తగ్గిపోతుంది. తియోఫిలో వచ్చాడు కదా, ఇలారియా చెప్పింది కదా, అంటారు. ఇలారియా మాత్రం కోకా ఆకు నములుతూ నేల చూస్తుంది. ముడి మీద ఆగిన ఆమె చెయ్యి నాకు గుర్తొచ్చేది. మావాళ్ల ముడి ఆమెకి తెలుసు. ఆ పొద్దున విప్పింది ఇంకొకరు వేసిన ముడి అయి ఉండాలి. ఆమె కూడా చూడదలచుకున్నదే చూసింది. ప్రాసిక్యూటరమ్మకీ ఆమెకీ తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు. ఇద్దరూ ఒకే గుర్తు ముందు వంగి, తమ దగ్గర ముందే ఉన్న కథని అందులో చదువుకున్నారు.

జైల్లో సబీనోని చూడ్డానికి వెళ్లాను. ఉడికించిన దుంపలు, జున్ను తీసుకెళ్లాను. తింటూ అడిగాడు.

"ఆ రాత్రి నేను మీ వసారాలోంచి లేచానా అక్కా?"

"లేవలేదు."

"ఒట్టు?"

"నీ గురక ఆగలేదు. నాకు నిద్రపడితేగా."

"మరి నా చెప్పులు లేచినట్టున్నాయి," అన్నాడు. నవ్వబోయాడుగానీ నా మొహం చూసి ఆపేశాడు. "ఏంటక్కా?"

ఏమీ లేదన్నాను. కానీ వాడు ఆ మాట అన్నప్పుడే, నేను వారాలుగా పక్కకి నెడుతున్నది వచ్చి నా ఎదురుగా కూర్చుంది. బూడిద పరిచిన ఆ రాత్రి నా పక్కనుంచి లియాండ్రో లేచాడు. గడప దగ్గర చీకట్లో చెప్పులు తడుముకున్న చప్పుడు విన్నాను. పశువులకోసం అనుకున్నాను. తిరిగి వచ్చి పడుకున్నప్పుడు పాదాలు ఏటి రాళ్లలా చల్లగా ఉన్నాయి. వసారాలో గురక మధ్యలో ఎక్కడా తెగలేదు.

ఆ తర్వాత ఇంట్లో ప్రతిదీ నాకు గుర్తులా కనబడటం మొదలైంది. ఆ ఏడు దుంపలకి మట్టి ఎగదోసేటప్పుడు లియాండ్రో ఊళ్లో అందరి చేలకీ చేతిసాయం వెళ్లాడు, అన్న చేనికి వెళ్లలేదు. అడిగితే, ఆయన పిలవలేదు అన్నాడు. అన్నదమ్ములు పిలుచుకుంటారా? రోజూ సూప్‌లో కారం ఎక్కువేసుకునేవాడు ఇప్పుడు వేసుకోవడం లేదు. రాత్రిళ్లు గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. అన్న పోయినవాడు ఇలాగే ఉంటాడు. అన్నని చంపినవాడూ ఇలాగే ఉంటాడేమో. రెండిటికీ తేడా తెలిసే గుర్తు ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు నాకు.

*

వానలు పూర్తిగా ఆగి, దుంపతీగ ఎండుతున్న రోజుల్లో, జడ్జిగారు స్వయంగా వచ్చి ఆ ఇంటిముందే బల్ల వేయించుకుని మమ్మల్ని విచారించారు. నా వంతు వచ్చింది. జల్లెడ తీసుకురమ్మన్నారు. వాళ్ల ముందే బూడిద జల్లించి, ఒక మూల పరిచి చూపించాను. ప్రాసిక్యూటరమ్మ వంగి చాలాసేపు చూసింది. ఆ రోజు తీసిన ఫోటోని దాని పక్కన పెట్టి చూసింది. ఆమె మొహం ఎర్రబడింది. మంచి మనిషి, మొహం దాచుకోలేదు.

"ఇది చిందిన బూడిద కాదు," అంది జడ్జితో. "పరిచిందే."

తర్వాత నావైపు తిరిగి, మెల్లగా అడిగింది. "అయితే దీన్ని తొక్కింది ఎవరమ్మా?"

ఊరంతా నా వెనక నిలబడి ఉంది. తియోఫిలో అని నేను చెబుతానని వాళ్లు ఎదురుచూస్తున్నారని నా వీపుకి తెలుస్తోంది. ఆ మాట చెబితే ఆమె నవ్వుతుంది, రాసుకోదు, ఆ చెప్పు మళ్లీ సబీనో కాలికే తగులుకుంటుంది. నాకు తెలిసినదంతా వరసగా చెప్పాను. గురక, తడుముకున్న చెప్పులు, చల్లటి పాదాలు. లియాండ్రో వైపు చూడకుండా చెప్పాను. చెప్పాక చూశాను. అతను నన్నే చూస్తున్నాడు. కోపంగా కాదు. చాలాకాలం మోస్తున్న మూటని ఎవరో అడక్కుండానే దించితే, మనిషి అలా చూస్తాడు.

"నేనే వెళ్లాను," అన్నాడు. "మా నాన్న పొంచో కోసం. అన్న దాన్నే కప్పుకునేవాడు. ఉతికిన బట్టలు ఉతికినవాళ్లు పంచుకుంటారు. మా నాన్న గొంగడి బామ్మర్ది భుజాన చూడలేకపోయాను. ముందురోజే అటక మీద దాచాను. రాత్రి వెళ్లి తెచ్చుకున్నాను. చీకట్లో కాలికి ఏ చెప్పు తగిలితే అది వేసుకున్నాను."

ఏటి దగ్గర ఆ పొంచో కనిపించకపోతే, దాన్ని కప్పే పూడ్చారనుకున్నాను నేను.

"ఆ పొద్దున అడిగితే ఎందుకు చెప్పలేదు?" అంది ప్రాసిక్యూటరమ్మ.

"ఊరంతా మా అన్న వచ్చాడని సంతోషంగా ఉంది. మా అమ్మ నవ్వింది. ఏం చెప్పను?"

"మీ బామ్మర్దిని తీసుకెళ్లినప్పుడు?"

లియాండ్రో తన కాళ్లవైపు చూసుకున్నాడు.

సబీనోని వదిలారు. లియాండ్రోని అదే బండిలో తీసుకెళ్లారు. దొంగచాటుగా ఆ గదిలోకి వెళ్లినవాడు దేనికోసమో వెళ్లి ఉంటాడని, దాచాల్సింది ఉన్నవాడే వెళ్తాడని ఈసారి కథ. సభలో మళ్లీ అదే రగడ. అన్న పోయిన ఐదో రాత్రి పడ్డ అడుగు, అన్నని ఎవరు చంపారో ఎలా చెబుతుందని. సబీనో ఊరికి వచ్చి ఒక్కరోజే ఉన్నాడు. నాతో అన్నాడు, "మొన్నటిదాకా నా అడుగు. ఇవాళ బావ అడుగు. వాళ్లు దాన్ని ఎవరి కాలికైనా తొడిగేస్తారక్కా." వాడు నాకోసమే ఆ మాట అన్నాడు. కానీ లియాండ్రో పేరు వచ్చినప్పుడు నేల మీద ఉమ్మేశాడు.

అత్తమ్మ నాతో మాట్లాడటం మానలేదు. ఎప్పటిలాగే "అమ్మాయ్, పొయ్యిలో పిడకలేయి" అనేది. ఒక్కటే మారింది. నేను వండినది నాకంటే ముందు తినేది కాదు.

*

దుంపలు తవ్వే వేళకి లియాండ్రోని పంపేశారు. అడుగు ఒక్కటే సాక్ష్యం, అది సరిపోదన్నారు. కేసు మూయలేదు, తెరిచీ పెట్టలేదు. ఆ ఏడు మా చేనికి చేతిసాయం ఎవరూ రాలేదు. ముగ్గురమే తవ్వుకున్నాం. లియాండ్రో, అత్తమ్మ, నేను.

ఒక పొద్దున గోనెసంచులు తెస్తానని చెప్పి మిట్టమీద గుడిసెకి వెళ్లాను. సంచులు అక్కడ ఉన్నమాట నిజమే. కానీ నేను వెళ్లింది పొంచో కోసం. పోలీసులు ఇల్లంతా వెతికినా అది దొరకలేదు, గుడిసెదాకా ఎవరూ ఎక్కలేదు. ఉంటే, అతను చెప్పింది నిజం. అది చాలనుకున్నాను.

ఉంది. చూరుకింద వాసం మీద, గడ్డి కప్పి ఉంది. అక్రోటు చెక్కుతో అద్దిన ముదురు గోధుమరంగు, అంచున రెండు తెల్లచారలు. కిందికి లాగి మొహానికి దగ్గరగా పెట్టుకున్నాను. బావగారి వాసన, పొగ వాసన వస్తుందనుకున్నాను. బట్టలుతికే నురుగువేరు వాసన వచ్చింది.

ఎవరో దాన్ని ఉతికారు. ఆ గుడిసె ఎక్కేది మా ఇంట్లో అతనొక్కడే.

తలుపు దగ్గర వెలుతుర్లో కూర్చుని, మడతలన్నీ విప్పి చూశాను. పోయినవాడి గుడ్డ ఉతక్కుండా ఉంచితే అతను ఇల్లు వదిలిపోడు. దాచిన గుడ్డ, ఉతికిపెట్టమని ఏ చుట్టాన్ని అడుగుతాడు? తప్పని తెలిసీ తనే ఉతికి ఉంటాడు, ఏడుస్తూ, ఒక్కడే. అలా అనుకుంటే గుండె కరిగింది. మరుక్షణం, రక్తం పోవడానికీ ఉతుకుతారు కదా అనిపించింది. ఎండకి ఎత్తిపట్టాను. ఆ రంగులో ఏ మరకా కనబడదు. మెడ దగ్గర నూలు కాస్త గట్టిగా ఉన్నట్టనిపించింది. గోరుతో గీరాను. మట్టో, మరొకటో. మళ్లీ గీరబోయి ఆగాను. అది రక్తమైనా ఏం చెబుతుంది? బావగారు దాన్ని కప్పుకునే పడిపోయి ఉండొచ్చు. ఏం కనిపెట్టినా అది రెండు కథల్లోనూ అతుకుతుంది.

అక్కడే వదిలేసి ఉండొచ్చు. భుజాన వేసుకుని దిగాను. ఎందుకో ఇప్పటికీ తెలియదు. ఒంటరిగా చూడటం ఇక నావల్ల కాలేదు, అంతే.

చేలో మట్టిగడ్డల బట్టీ కూలదోసి, కాలిన దుంపలు పైకి తీస్తోంది అత్తమ్మ. లియాండ్రో చేతులు దులుపుకుని కూర్చోబోతున్నాడు. నా భుజం వైపు చూశాడు. మళ్లీ దుంప అందుకుని పొట్టు తీయడం మొదలుపెట్టాడు.

అత్తమ్మ పొంచో అందుకుంది. ఒళ్లో వేసుకుని, చారల వెంబడి వేళ్లు నడిపింది. పైకెత్తి వాసన చూసింది.

"ఎవరు ఉతికారు?"

"నేనే," అన్నాడు లియాండ్రో.

గాలికి పొగ మా ముగ్గురి మీదికీ తిరిగింది. ఇద్దరు కొడుకుల్ని కన్న ఆమె, ఒకణ్ణి మట్టిలో పెట్టింది. ఇంకొకణ్ణి ఏం చేయాలో ఆమెకి చెప్పగల మనిషి ఎవరూ లేరు. జడ్జి లేడు, ఇలారియా లేదు, నేనైతే అసలే లేను.

"వేసుకో," అంది.

"ఎండగా ఉందమ్మా."

"వేసుకోరా."

లియాండ్రో చేతిలో దుంప కింద పెట్టాడు. పొంచో తీసుకుని మెడచీలికలో తల దూర్చాడు. తల లోపలే కాసేపు ఉండిపోయింది. బయటికి వచ్చాక మా ఇద్దరివైపూ ఒకసారి చూసి, పార తీసుకుని సాలు దగ్గరికి వెళ్లాడు.

నడినెత్తిన ఎండ. మంచు కురవబోయే రోజుల్లో మా మిట్టమీద మధ్యాహ్నం ఎండ చర్మం ఒలిచేస్తుంది. అతను సాలు చివరిదాకా తవ్వి, వెనక్కి తిరిగి ఇంకో సాలు మొదలుపెట్టాడు. చెమట మెడమీంచి కారి ఉన్నిలోకి ఇంకడం మాకు కనబడుతూనే ఉంది. అత్తమ్మ అతని వెనక దుంపలు ఏరుకుంటూ నడిచింది. నేను ఆమె వెనక నడిచాను. పొద్దు కుంకేదాకా లియాండ్రో ఆ పొంచో విప్పలేదు. విప్పమని మేమిద్దరం అనలేదు.